రెండో రిపోర్టు

ల్యాబు కౌంటరు దగ్గరి మనిషి సొరుగు బయటికి లాగి, కవర్లను ఒక్కొక్కటే వేలితో వెనక్కి తోస్తూ, "రక్తం ఎప్పుడిచ్చారు?" అని అడిగాడు.

"మూడు వారాలైంది."

"మూడు వారాలా!" ఆ మనిషి తలెత్తాడు. "మేం ఫోన్లు కూడా చేశాం కదండీ."

చేశారు. నాలుగుసార్లు. ఆ నాలుగుసార్లూ అతను ఏదో ఒక దుకాణంలో కాటా విప్పుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతులకు గ్రీజు అయిందన్న వంకతో ఫోను ఎత్తలేదు. ఎత్తితే రిపోర్టు వచ్చిందంటారు. వచ్చిందంటే వెళ్లి తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే అందులో ఏదో ఒకటి ఉంటుంది.

కవరు తీసుకుని బయటి మెట్ల మీద నిలబడి విప్పాడు. అంకెలు చదవడం అతనికి కొత్త కాదు. కిరాణా కొట్టు బల్ల మీద ఉండే చిన్న కాటా నుంచి లారీలు ఎక్కి నిలబడే వేబ్రిడ్జి దాకా అన్నిటినీ పరీక్షించి, సరిచేసి, సీలు వేసే మెకానిక్ అతను. ఇరవై రెండేళ్లుగా అదే పని. కాగితం మీద వరుసలు పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. రక్తం బాగుంది. చక్కెర బాగుంది. మూత్రపిండాలు బాగున్నాయి. కింద నుంచి మూడో వరుస మాత్రం లావు అక్షరాల్లో ఉంది. టెస్టోస్టిరాన్: 214. పక్కన కిందికి చూస్తున్న బాణం. ఆ పక్కన ఉండవలసింది: 300 నుంచి 1000.

ఎనభై ఆరు తక్కువ. ఇంత తేడా చూపించే కాటా ఏ దుకాణంలోనైనా కనిపిస్తే దాని మీద ఎర్ర స్టిక్కరు అంటించి మూలన పెట్టించేవాడు.

డాక్టరు గది అదే భవనంలో పై అంతస్తులో ఉంది. ముప్పై అయిదేళ్లు కూడా ఉండవు డాక్టరుకి. బల్ల మీద ఫోను అదురుతూనే ఉంది. వెనక గోడకు, కండలు తిరిగిన ఒక నడివయసు మనిషి నవ్వుతున్న పెద్ద బొమ్మ. నెల కిందట నీరసమని వచ్చినప్పుడు ఇదే గదిలో అతనితో పది ప్రశ్నల కాగితం పూర్తి చేయించారు. 'భోజనమయ్యాక కునుకు పడుతోందా?' అన్నది ఆరో ప్రశ్న. ఎవరికి పట్టదు అనుకుంటూనే 'అవును' దగ్గర టిక్కు పెట్టాడు. పదింటికీ పెట్టాడు.

"ఇదిగో, నేననుకున్నదే," అన్నాడు డాక్టరు కాగితం మీద పెన్నుతో గుండ్రంగా చుట్టి. "రెండొందల పద్నాలుగు. నీరసం, చిరాకు, దేని మీదా మనసు లేకపోవడం, అన్నిటికీ కారణం దొరికేసింది సార్. ఇంజెక్షన్ మొదలుపెడదాం. మూడు వారాలకోటి. బుధవారం వచ్చేయండి. మూడు నెలల్లో కుర్రాడైపోతారు."

"ఎంతకాలం వేసుకోవాలండీ?"

డాక్టరు అప్పటికే రాసేస్తున్నాడు. తలుపు తోసుకుని తర్వాతి మనిషి లోపలికి వచ్చేశాడు.

మెట్లు దిగుతూ అతను తనలో జరుగుతున్నదానికి తనే ఆశ్చర్యపోయాడు. నలభై ఎనిమిదేళ్ల మగవాడి చేతికి నీకు మగతనపు హార్మోను తక్కువ అని కాగితమిస్తే కుంగిపోవాలి. అతనికి మాత్రం భుజం మీది బస్తా ఎవరో దింపినట్టుంది. కొన్ని నెలలుగా మనుషుల మాటలు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినిపిస్తున్నాయి. వేళైంది కాబట్టి తింటున్నాడు. పక్కన పడుకున్న భార్య చెయ్యి మీద పడితే, నిద్రపోయినవాడిలా ఊపిరి లెక్కగా తీసేవాడు. ఆ నటన కూడా చేతకాక, 'నా గురకకి నీకు నిద్ర ఉండటం లేదు' అని చెప్పి, హాస్టల్లో చదువుకుంటున్న కూతురి గదిలోకి మారిపోయాడు. ఇదంతా ఆ రెండొందల పద్నాలుగు చేసిన పని. తను చేసింది కాదు.

వ్యాను ఎక్కి కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పక్క సీటులో తూకపు రాళ్ల పెట్టె ఉంది. అది కదలకుండా సీటు బెల్టు పెట్టి ఉంది. ఒకసారి బెల్టు లాగి చూసి బండి కదిలించాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య ముందు గదిలో కుట్టుమిషను దగ్గర ఉంది. ఎవరివో బట్టలు కురచ చేయడం, వదులు చేయడం ఆమె పని. ఒక పొట్టి మనిషి స్టూలు మీద నిలబడి ఉంటే ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని ప్యాంటు అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది. పెదాల మధ్య నాలుగు సూదులు బిగించి ఉన్నాయి.

"వచ్చారా" అనడానికి బదులు "ఊఁ" అంది.

"ఊఁ," అన్నాడు అతను.

పొట్టి మనిషి వెళ్లిపోయాక చెబుదామనుకున్నాడు. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాడు. ఆ వాక్యాన్ని లోపల రెండు మూడు రకాలుగా తిరగేసి చూశాడు. ఆమె వచ్చి, "కుళాయి మళ్లీ కారుతోందండీ" అంది. వాషరు మార్చడానికి కూర్చున్నాడు. వాషరు మారింది, నీళ్లు ఆగాయి, వాక్యం మాత్రం లోపలే ఉండిపోయింది. ఇద్దరూ తిన్నారు. అతను కూతురి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి అతని ఫ్లాస్కు కోసం టీ కాస్తుంటే అన్నాడు. వీపుతో మాట్లాడటం తేలికగా ఉంది.

"నాకు ఒంట్లో ఒకటి తక్కువుందట."

"ఏమిటి, బుద్ధా?" అంది ఆమె తిరక్కుండానే.

అతను జేబులోంచి కాగితం తీసి గట్టు మీద పెట్టాడు. ఆమె చేతులు తుడుచుకుని తీసుకుంది. గుండ్రంగా చుట్టిన అంకె చూసింది. పక్కనున్న పేరును కూడబలుక్కుంటూ చదివింది.

"అంటే ఏమిటండీ?"

"మగవాళ్లకుండేది." అతను కిటికీ ఊచల వైపు చూస్తూ చెప్పాడు. "అది తక్కువైతే ఓపికుండదట. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదట. ఇక మిగతా... ఆ విషయం మీదికీ మనసు పోదట. డాక్టరు చెప్పాడు. ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోతుందట."

ఆమె ఆ పేరును మళ్లీ చదివింది. టీ పొంగి స్టవ్ మీద పడింది. ఎవరూ కట్టెయ్యలేదు.

"అయితే నా వల్ల కాదా?" అంది.

"ఏది నీ వల్ల?"

"ఏం లేదు." ఆమె కొంగుతో మొహం అద్దుకుని, స్టవ్ కట్టేసి, నవ్వింది. మళ్లీ కళ్లు తుడుచుకుంది. "ఇదా! ఇన్నాళ్లూ ఇదా! నోరు తెరిచి చెబితే ఏం పోయింది మహానుభావా? మూగనోము పట్టినట్టు తిరిగారు."

"నాకు మాత్రం నిన్నటిదాకా తెలుసా?"

ఆమె దగ్గరికి వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టింది. జ్వరం చూసినట్టు నుదురు మీదికి జరిపింది. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ అతను కదల్లేదు. ఆమె చూపుడువేలి చివర సూదులు గుచ్చుకుని గరుకుగా ఉందని చాలా కాలానికి మళ్లీ తెలిసింది.

ఆ మధ్యాహ్నం అతను ఒక గోదాములో పెద్ద కాటా కింద బోర్లా పడుకుని మట్టి తీస్తుంటే ఫోను మోగింది. గ్రీజు చేత్తోనే ఎత్తాడు.

"తిన్నారా?" అంది ఆమె.

"తింటా."

"చల్లారిపోకముందే తినండి."

అంతే. ఫోను పెట్టేశాక కూడా కాసేపు దాన్ని అలాగే పట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా మార్చుకుందామని కూతురి గదిలోకి వెళితే మంచం మీద అతని దిండు లేదు. దుప్పటీ లేదు. ఎదుటి గదిలో రెండు దిండ్లు పక్కపక్కన ఉన్నాయి, కొత్త గలీబులతో. ఆమె మిషను దగ్గర నుంచి, తలెత్తకుండా, "తొందరేం లేదు. ముందు మందు పడనివ్వండి. గురక పెట్టుకుంటే పెట్టుకోండి" అంది.

బుధవారం పొద్దున మొదటి పని ఒక కిరాణా దుకాణంలో. కొట్టు యజమానికి బేరాల వేళ. అతను అయిదు కిలోల రాయి కాటా మీద పెట్టాడు, చూశాడు, తీశాడు. సున్నాకి వచ్చేదాకా ఆగాడు. మళ్లీ పెట్టాడు.

"ఒకసారి చూశావుగా అన్నా, సరిగ్గానే ఉందిగా," అన్నాడు యజమాని. "సీలు కొట్టేసి పో."

"ఒకసారి చూసింది తూకం కాదండీ, అంచనా."

"నీ చాదస్తంతో నా బేరాలన్నీ పక్క కొట్టుకి పోతున్నాయి."

అతను మూడోసారి పెట్టాడు. నాలుగు గ్రాములు తేడా వచ్చింది. వంగి చూస్తే పళ్లెం కింద ఒక కందిగింజ ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో తీసి బల్ల మీద పెట్టాడు. యజమాని ఆ గింజను నోట్లో వేసుకుని, "దొంగ దొరికాడు" అన్నాడు. అతనికి కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే క్లినిక్కి వెళ్లాడు.

కుర్ర డాక్టరు లేడు. పనిమీద వేరే ఊరు వెళ్లాడట, వారం దాకా రాడట. ఆ కుర్చీలో అరవై దాటిన డాక్టరమ్మ కూర్చుని ఉంది. మెడలో రెండు కళ్లజోళ్లు వేలాడుతున్నాయి. నర్సు ట్రేలో ఇంజెక్షన్ పెట్టుకుని సిద్ధంగా నిలబడింది. డాక్టరమ్మ కాగితం తీసుకుని, ఒక కళ్లజోడు తీసి ఇంకోటి పెట్టుకుని, గుండ్రంగా చుట్టిన అంకె వదిలేసి, ఎక్కడో పైన మూలనున్న సన్నక్షరాలు చదవసాగింది.

"సాయంత్రం నాలుగూ నలభైకి తీశారా రక్తం?"

"పని ముగించుకుని వచ్చేసరికి ఆ టైమైందండీ."

"ముందు రోజు నిద్రపోయారా?"

"వేబ్రిడ్జి పని పడింది. లారీలు ఆగిపోయాయి. రెండు రోజులు నిద్ర లేదు."

"ఒంట్లో బాగుందా ఆ రోజు?"

"జ్వరం తగిలింది. తగ్గుమొహం పట్టిందనుకున్నా."

డాక్టరమ్మ నర్సు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నర్సు ట్రే తీసుకుని వెళ్లిపోయింది.

"అయ్యా, ఈ హార్మోను రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున ఎక్కువ, సాయంత్రానికి దిగుతుంది. జ్వరం వస్తే దిగుతుంది, నిద్ర లేకపోతే దిగుతుంది. మీరు మూడూ కలిపి తెచ్చారు. పొద్దున్నే, పరగడుపున, రెండు వేర్వేరు రోజులు చూడాలి. రెండుసార్లూ తక్కువ వస్తేనే తక్కువ అనాలి. అప్పుడు కూడా ఎందుకు తక్కువైందో వెతకాలి. పని చెయ్యమని మెదడు నుంచి కబురు రావడం లేదా, కబురొచ్చినా కింద పని జరగడం లేదా అని. ఇవేమీ చూడకుండా బయట నుంచి మందు పోస్తే, లోపల తయారయ్యేది కూడా మానేసి కూర్చుంటుంది. కావలసినవాళ్లకి అది మంచి మందే. అక్కర్లేనివాళ్లకి కొరివితో తల గోక్కున్నట్టే. మీరేం చేస్తారు?"

"కాటాలు సరిచేస్తానండీ."

"ఒక్కసారి చూసి సీలు కొట్టేస్తారా?"

అతనికి చెవులు వేడెక్కాయి. కాగితం మడత పెట్టుకున్నాడు.

ఆ రోజు ఇంట్లో, "ఇంకో పరీక్ష చేశాక వేస్తారట" అని మాత్రం చెప్పాడు. "మంచిదేగా, చూసే వేస్తున్నారు" అంది ఆమె, కంచం ముందుకు జరుపుతూ.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబులో రక్తం తీసే ఆవిడ అతని మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించింది. వేలితో నరాన్ని తడుముతూ మొహంలోకి చూసింది.

"ఆ రోజు కూడా మిమ్మల్ని నేనే గుచ్చాను అన్నయ్యా. గుర్తున్నానా? ఒళ్లు పెనంలా కాలిపోతోంది మీకు."

"అంత ఉందా?"

"రేపు పొద్దున రండి అన్నయ్యా అంటే, రేపు నాకు తీరదు అన్నారు. పైకి వెళ్లి డాక్టరుగారిని కూడా అడిగాను. పర్లేదు తీసెయ్ అన్నారు. మనం చెబితే ఎవరు వింటారు?" సూది దిగింది. గాజుగొట్టంలోకి రక్తం చిక్కగా పాకింది. "పిడికిలి వదలండి. ఈసారి నాలుగు గొట్టాలు. డాక్టరమ్మగారు అన్నీ రాశారు."

ఆవిడ ప్రతి గొట్టాన్నీ నెమ్మదిగా అటూ ఇటూ అయిదారుసార్లు తిప్పింది, కుదపకుండా. దాని మీద అంటించే కాగితంలో టైము రాసి, గడియారం చూసుకుని మళ్లీ దిద్దింది. ఎనిమిదీ ఏడు. పనిని పనిగా చేసే మనిషిని చూస్తే అతనికి ఎప్పుడూ గౌరవమే. దూది నొక్కి పట్టుకుని లేచాడు. వ్యానులో కూర్చున్నాక మాత్రం, లోపల నుంచి ఒక మాట దానంతటదే వచ్చింది. తక్కువే రావాలి.

పైకి అన్నాడో లేదో తెలియలేదు. అనే ఉంటాడు, ఎందుకంటే పక్క సీటు వైపు తిరిగి చూశాడు.

శుక్రవారం ఎప్పటిలా గడిచింది. ఆమె మధ్యాహ్నం ఫోను చేసింది. సాయంత్రం అతని పాత చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ ఏదో రాగం తీసింది. అతను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాడు.

శనివారం పదకొండు గంటలకి డాక్టరమ్మ కొత్త కాగితం బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టింది.

"నాలుగొందల ఎనభై ఆరు," అంది. "మెదడు పంపే కబురూ బాగుంది. థైరాయిడ్ బాగుంది. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇంజెక్షన్ అక్కర్లేదు. సంతోషం."

అతను అంకెను చూశాడు. బాణం లేదు. లావు అక్షరాలు లేవు. మిగతా వరుసల్లో కలిసిపోయి మామూలుగా ఉంది.

"ఇంకొక్కసారి చూస్తారా?" అన్నాడు.

"దేనికి?"

"రెండు రీడింగులూ కలవలేదు కదండీ. మూడోది చూస్తే ఏది నిజమో..."

డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. ఇంకోటి పెట్టుకోలేదు.

"మొదటిది ఎందుకు తప్పో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తక్కువ రావాలని ఉందా మీకు?"

అతను కాగితం అంచును వేలితో సాపు చేశాడు.

"రోజంతా ఎవరితో మాట్లాడతారు?"

"కాటాలతో." నవ్వుతుందేమోనని చూశాడు. ఆవిడ నవ్వలేదు.

"ఒక్కరే తిరుగుతారా? బండిలో పక్కన ఎవరూ ఉండరా?"

"రాళ్లుంటాయి."

"ఎప్పుడూ రాళ్లేనా?"

"ముందు బాబాయి ఉండేవాడు. సొంత బాబాయి కాదండీ. పని నేర్పినాయన. పంతొమ్మిదేళ్లు ఒకే బండి."

"ఎప్పుడు పోయారు?"

పోయాడని అతను చెప్పనేలేదు. "తొమ్మిది నెలలు," అన్నాడు. తల వంచుకుని చేత్తో మొహం రుద్దుకున్నాడు. డాక్టరమ్మ గంట కొట్టి తర్వాతి మనిషిని పిలవలేదు. ఒక చిన్న చీటీ మీద ఒక పేరు, ఫోను నంబరు రాసింది.

"ఈవిడ మందులివ్వదు, మాట్లాడిస్తుంది. వెళ్లండి. పిచ్చివాళ్లే వెళ్లాలని ఏం లేదు. మందు అవసరమైతే ఆవిడే ఇంకొకరి దగ్గరికి పంపుతుంది. మీలోది రక్తంలో దొరికే రకం కాదయ్యా. ఈలోగా ఇంట్లో చెప్పండి."

ఇంటి సందు మొదట్లో అతను వ్యాను ఆపేశాడు. ఇంజను కూడా ఆపేశాడు. కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. ఆమెకు ఏమని చెప్పాలి? మంగళవారం తల మీద పెట్టిన ఆ చెయ్యి, మధ్యాహ్నపు ఫోన్లు, కొత్త గలీబులు, అన్నీ ఆ రెండొందల పద్నాలుగుని చూసి వచ్చినవి. ఇప్పుడు అది అబద్ధమైపోయింది. ఒంట్లో ఏ లోపమూ లేనివాడు తొమ్మిది నెలలు పెళ్లాం వైపు తిరగలేదంటే, దానికి ఆమె ఏం అర్థం చెప్పుకుంటుంది? ఇంజెక్షన్ వేశారని చెబితే సరిపోతుంది. మూడు వారాలకోసారి వెళ్లినట్టు వెళ్లి రావచ్చు. ఆమె కాగితాలు అడిగే మనిషి కాదు. పాత రిపోర్టు బీరువాలో ఉండనే ఉంది. తేలికైన అబద్ధం. ఎవరికీ నష్టం లేదు.

కాగితాన్ని రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు. చింపడానికి వేళ్లు పెట్టాడు. తప్పుడు కాటాకి సీలు కొట్టమని ఎంతమంది ఎన్ని రకాలుగా బతిమాలారో గుర్తొచ్చింది. బతిమాలినవాళ్లందరికీ ఏదో ఒక కష్టమే ఉండేది. వేళ్లు తీసేశాడు. బండి అక్కడే వదిలేసి ఇంటికి నడిచాడు.

ఆమె మిషను దగ్గర లేచి నిలబడింది. "నొప్పి పుట్టిందా? చేతికా, నడుముకా?"

"వెయ్యలేదు."

"ఏం?"

మడతలు విప్పి కాగితం ఇచ్చాడు. ఈ వారం రోజుల్లో ఆమె ఆ పేరును ఎక్కడ వెతకాలో నేర్చుకుంది. వేలు సరిగ్గా దాని మీదికే పోయింది. అంకె చూసింది. పక్కన బాణం కోసం వెతికింది. కాగితం తిప్పి వెనక కూడా చూసింది.

"బాగానే ఉందా?"

"బాగానే ఉందట. అప్పుడు జ్వరంలో తీశారు. అది లెక్కలోకి రాదట."

"అయితే మీకేం లేదన్నమాట."

"లేదు."

మంచి కబురు విన్న మనిషి మొహం అలా ఉండదు. ఆమె కాగితాన్ని మిషను మీద పెట్టింది. కుడుతున్న బట్టను మడిచింది. మళ్లీ విప్పి మడిచింది. లోపలి గదిలోకి వెళ్లింది.

అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. దిండు తెచ్చి ఇస్తుందనుకున్నాడు. ఇస్తే తీసుకుని కూతురి గదిలోకి వెళ్లాలి, ఇంకేముంది. లోపల బీరువా తలుపు చప్పుడైంది. బట్టలు తీసి పక్కన పెడుతున్న చప్పుడు. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. చేతిలో దిండు లేదు. పొడవాటి కవరు ఒకటి ఉంది. అంచులు నలిగి ఉన్నాయి.

"ఇది చూడండి," అంది.

అతని ల్యాబు కాదు. ఊరికి అటు చివర ఉన్న ఇంకో ల్యాబు. పేరు ఆమెది. తేదీ అయిదు నెలల కిందటిది.

"ఇదేమిటి? నీకేమైంది?"

"ఏం కాలేదు. చదవండి."

అతను చదివాడు. రక్తం. చక్కెర. థైరాయిడ్. ఆడవాళ్లవి ఏవో మూడు నాలుగు హార్మోన్లు. పైనుంచి కిందికి ప్రతి అంకె, దాని పక్కన ఉండవలసినది. మళ్లీ పైకి వచ్చి చదివాడు. ఎక్కడా బాణం లేదు.

"మీరు ఆ గదిలోకి వెళ్లిపోయాక రెండు నెలలు చూశాను," అంది ఆమె. ఆమె గొంతు బట్ట కొలత చెబుతున్నట్టు మామూలుగా ఉంది. "నాకే వయసు ముదిరింది, నాలోనే ఏదో అయిపోయింది, అందుకే ఈయనకి నా మొహం చూడబుద్ధి కావడం లేదు అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి వెళ్లి ఇచ్చాను రక్తం. అన్నీ బాగున్నాయి అంది ఆ డాక్టరు. బస్టాపులో కూర్చుని ఏడ్చానండీ. ఏదో ఒకటి తక్కువుంటే బాగుండును అనిపించింది. మందు వేసుకుంటే పోయేదిగా."

అతను కుర్చీ కోసం వెతకలేదు. కొలతలిచ్చే వాళ్లు నిలబడే స్టూలు మీదే కూర్చుండిపోయాడు. మిషను మీది తన కాగితాన్ని కూడా తీసుకుని ఆమెదానితో కలిపి పట్టుకున్నాడు. ఇన్ని నెలలుగా ఈ ఇంట్లో తను ఒక్కడే అలా ఉన్నాడనుకున్నాడు. గోడ అవతల ఆమె కూడా కాగితం దాచుకుని పడుకుందని ఒక్కసారి కూడా తట్టలేదు.

"నీ వల్ల కాదు," అన్నాడు.

"మరి?"

చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో వీధి తలుపు కొట్టిన చప్పుడైంది. సోమవారం వచ్చిన పొట్టి మనిషి ప్యాంటు కోసం వచ్చాడు. ఆమె తలుపు కొద్దిగా తెరిచి, "అవలేదు. రేపు రండి," అంది. "ఇవాళే అన్నారు కదమ్మా, పొద్దున పెళ్లికి పోవాలి" అంటున్నాడతను. "పాతది వేసుకుపోండి. పెళ్లి మీది కాదుగా" అని తలుపు వేసి, గడియ పెట్టి వచ్చి, అతని ఎదుట నేల మీద కూర్చుంది.

"చెప్పండి," అంది.

"బాబాయి పోయిన రోజు..."

"ఊఁ."

"నీకు చెప్పింది అంతా కాదు. నేను ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే పోయాడని చెప్పాను. అది నిజమే. కానీ అంతకుముందు, బండిలో... ఛాతీ పట్టేసినట్టుంది రా అన్నాడు. పదిన్నరకి అన్నాడు. నేను వాచీ చూశాను, అందుకే తెలుసు." అతను రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి అంచులు సమానం చేస్తున్నాడు. "గ్యాసేమో బాబాయ్, ఈ ఒక్క దుకాణం చూసుకుని పోదాం అన్నాను. సరే రా అన్నాడు. రాయి కూడా ఆయనే ఎత్తి ఇచ్చాడు."

అక్కడ ఆగిపోయాడు. భుజాలు ఒకసారి కదిలాయి, తర్వాత ఆగకుండా కదలసాగాయి. మీ తప్పు కాదులెండి అని ఆమె అనలేదు. ఊరుకోండి అని కూడా అనలేదు. అతని చేతుల్లోంచి కాగితాలు తీసి పక్కన పెట్టి, ఆ చేతులను అలాగే పట్టుకుంది. ఏడుపు దానంతటది సన్నగిల్లేదాకా కూర్చుంది.

"తర్వాత?" అంది.